ఆఖరి రోజు సెలవైతే ఏమవుతుంది?

(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేడు మమ్మల్ని పిల్లల చదువు గురించి మాట్లాడమనే కార్యదర్శి గారు ఈసారి కోర్టు గడువుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము వకీళ్లము కాము. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్లము. అయితే ఆదివారం నాడు సంఘం ఆఫీసులో కూర్చుని వచ్చిన వారికి దరఖాస్తులు రాసిపెట్టే పని చాలా కాలంగా మా మీద వున్నది. ఆ బల్ల దగ్గర ఒక ప్రశ్న మాటిమాటికీ వస్తూ వుంటుంది. "మాస్టర్ సాబ్, ఆఖరి తేదీ సెలవు నాడు పడ్డది. తెల్లారి ఇస్తే నడుస్తదా?"

కొన్నింటికి నడుస్తుంది, కొన్నింటికి నడవదు. నడవని చోట నష్టం చిన్నది కాదు. బాకీ నిజమే, సంతకం నిజమే, సాక్షులు నిజమే, అయినా కోర్టు వినదు. ఎదుటి పక్షం వాడు నోరు తెరిచి అభ్యంతరం చెప్పకపోయినా సరే, గడువు దాటిన దావాను కోర్టు తనంతట తానే కొట్టివేయాలని 1963 నాటి లిమిటేషన్ చట్టం 3వ సెక్షను చెబుతున్నది. అందుకే ఈ విషయం మన ఆడవారు కూడా వినాలని కోరినాము. ఇంట్లో ప్రోనోట్లు భద్రంగా వుండేది వారి బీరువాల్లోనే గదా!

గడువును మనం ఉర్దూలో మీయాద్ అంటాము. లిమిటేషన్ చట్టానికి ఉర్దూలో కానూనె మీయాదె సమాఅత్ అని పేరు. అంటే, కోర్టు మన మొర వినడానికి పెట్టిన కాలపు హద్దు. దావా, దాఖలు, వకాల్తా, నకలు, వాయిదా, దస్తావేజు, తెలుగు కోర్టుల్లో వాడే ఈ మాటలన్నీ మన ఇంటి మాటలే గనుక భాషకు భయపడనక్కరలేదు. సెలవును మన బడిలో తాతీల్ అంటాము. అది ముఅత్తల్ అనే మాటకు చుట్టం. పని ఆగిపోవడం అని దాని అర్థం. ఈ అర్థం మనసులో పెట్టుకుంటే సగం చట్టం తెలిసినట్లే. ఎందుకంటే చట్టం అడిగేది ఆ రోజు క్యాలెండరులో ఎర్ర అంకె వున్నదా అని కాదు, ఆ రోజు ఆ కోర్టులో పని ఆగిందా అని.

లిమిటేషన్ చట్టం 4వ సెక్షనులో వున్నది ఇదే. దావా గాని, అప్పీలు గాని, దరఖాస్తు గాని వేయడానికి నిర్ణయించిన గడువు కోర్టు మూసివున్న రోజున ముగిస్తే, కోర్టు తిరిగి తెరిచిన రోజున వేయవచ్చును. పని వేళల్లో కొంత భాగం మూసివున్నా ఆ రోజంతా మూసివున్నట్లే లెక్క అని అక్కడే వివరణ కూడా ఇచ్చినారు. లిమిటేషన్ చట్టం పరిధిలోకి రాని పనులకు, అంటే ఏదైనా కేంద్ర చట్టం ఫలానా గడువులోగా కోర్టులో గాని ఆఫీసులో గాని చేయమన్న పనులకు, 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 10వ సెక్షను ఇలాంటి వెసులుబాటే ఇస్తున్నది. ఉదాహరణకు అమ్మకపు దస్తావేజు రాసుకున్న 4 నెలల్లోగా రిజిస్ట్రేషనుకు పెట్టాలి. ఆ నాలుగో నెల ఆఖరి రోజున సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మూసివుంటే, మళ్లీ తెరిచిన రోజున పెట్టినా సకాలంలో పెట్టినట్లే.

ఇక లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ రోజు నుంచి గడువు లెక్కించాలో ఆ రోజును వదిలి, మరునాటి నుంచి లెక్కించాలి. అడిగినప్పుడు చెల్లిస్తానని రాసే మామూలు ప్రోనోటుకు గడువు 3 సంవత్సరాలు, నోటు తేదీ నుంచి. 2022 మార్చి 31న రాసిన నోటుకు 2025 మార్చి 31 ఆఖరి రోజు. చట్టం నెలలు అన్న చోట 30 రోజుల కట్టలు చేసి లెక్కించకూడదు. మూడు నెలలంటే 90 రోజులు కాదని సుప్రీంకోర్టు 2010లో హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వం కేసులో స్పష్టంగా చెప్పింది. అలాగే 30 రోజులని వున్న చోట నెల అనుకోకూడదు. ఫిబ్రవరి మధ్యలో వచ్చిందంటే రెండింటికీ తేడా వస్తుంది.

చాలామందికి ఇంకొక అపోహ వున్నది. మధ్యలో వచ్చే ఆదివారాలు, పండుగలు గడువులోంచి తీసివేస్తారనుకుంటారు. తీసివేయరు. 30 రోజుల గడువులో 4 ఆదివారాలు, ఒక రెండో శనివారం, ఒక పండుగ వచ్చినా 30 రోజులు 30 రోజులే. సెలవు మనకు పనికివచ్చేది ఆఖరి రోజున మాత్రమే.

హిజ్రీ తేదీలతో రాసుకున్న కాగితాల సంగతి కొందరు అడిగినారు. కాగితం మీద షవ్వాల్ అని వున్నా, రజబ్ అని వున్నా, ఈ చట్టం కింద లెక్క గ్రెగోరియన్ క్యాలెండరు ప్రకారమే జరుగుతుంది. 24వ సెక్షను ఆ మాట చెబుతున్నది. హిజ్రీ సంవత్సరం దాదాపు 11 రోజులు పొట్టిది గనుక, మూడేళ్ల గడువును చాంద్రమానంలో చూసుకునే వాడు నెల ముందే కోర్టుకు పోతాడు. అతనికి నష్టమేమీ లేదు, మేము వద్దనము.

ఇప్పుడు మా బల్ల దగ్గరికి వచ్చిన ఒక దర్జీ సోదరుని సంగతి చెప్పాలి. పేరు చెప్పము. పిల్ల పెళ్లి కోసం దాచుకున్న 1,20,000 రూపాయలు తెలిసిన వ్యాపారికి నోటు మీద ఇచ్చినాడు. నోటు తేదీ 2022 మార్చి 28. రేపు మాపు అంటూ మూడేళ్లు గడిచినవి. 2025లో మార్చి 28 శుక్రవారం వచ్చింది. రంజాన్ ఆఖరి జుమా, జుమతుల్ విదా. ఆ వారం దర్జీ ఇంట్లో ఎలా వుంటుందో మీకు తెలుసు. ఈద్ బట్టల కోసం జనం వాకిట్లో నిలబడి వుంటారు, సహరీ దాకా మిషను ఆగదు. ప్రభుత్వ సెలవుల జాబితాలో జుమతుల్ విదా పేరు చూసినాడు. ఆదివారం ఉగాది, సోమవారం ఈద్. అన్నీ వరుసగా సెలవులే, ఈద్ అయినాక కోర్టు తెరిచిన నాడు పోదామనుకున్నాడు.

ఆ జాబితాలో రెండు భాగాలుంటవి. ఒకటి సాధారణ సెలవులు, రెండోది ఐచ్ఛిక సెలవులు. జుమతుల్ విదా రెండో భాగంలో వున్నది. ఐచ్ఛిక సెలవంటే ఉద్యోగి కావాలంటే అర్జీ పెట్టుకుని తీసుకునే సెలవు. ఆఫీసు మాత్రం తెరిచే వుంటుంది. ఆ శుక్రవారం కోర్టు తెరిచి వున్నది, దావాలు తీసుకున్నారు. ఈద్ తర్వాత నోటు పట్టుకుని పోతే వకీలు సాబ్ తేదీ చూసి నోటు తిరిగి చేతికిచ్చినారట. అదే నోటు మూడు రోజులు ఆలస్యంగా, అంటే 2022 మార్చి 31న రాసి వుంటే, ఆఖరి రోజు ఈద్ నాడు పడేది. కోర్టు మూసివుండేది. ఈద్ తర్వాత తెరిచిన మొదటి రోజున వేసినా దావా నిలిచేది. మూడు రోజుల తేడాకు లక్షా ఇరవై వేలు!

ఆయన మమ్మల్ని అడిగినాడు, "ఆలస్యానికి మాఫీ దరఖాస్తు పెట్టుకోవచ్చునంటారు గదా, మాస్టర్ సాబ్?" పెట్టుకోవచ్చును, కాని దావాకు కాదు. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే 5వ సెక్షను అప్పీళ్లకు, కొన్ని రకాల దరఖాస్తులకు మాత్రమే వర్తిస్తుంది. కొత్తగా వేసే దావాకు వర్తించదు. రోగమైనా, రంజాన్ అయినా, ఇంట్లో మయ్యత్ అయినా దావాకు ఆ తలుపు లేదు.

కాబట్టి "సెలవు" అన్న మాట విన్నప్పుడు ఎవరి సెలవు అని అడగాలి. కోర్టుల సెలవుల పట్టిక హైకోర్టు వేరుగా ఇస్తుంది. ప్రభుత్వ ఆఫీసుల పట్టికతో అది అన్ని తేదీల్లో కలవాలని లేదు. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఈద్ మరునాడు ఏప్రిల్ 1 కూడా సాధారణ సెలవుగా ప్రకటించింది. అలాంటి రోజున మన కోర్టు తెరిచిందా లేదా అన్నది ఆ కోర్టు బోర్డు మీదే చూసుకోవాలి. బ్యాంకులు 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు మూస్తున్నవి. బ్యాంకు మూసినందువల్ల కోర్టు మూసినట్లు కాదు. వకీళ్లు విధులు బహిష్కరించినంత మాత్రాన కోర్టు మూసినట్లు కాదు. బంద్ నాడు బస్సులు తిరగకపోయినా, కోర్టులో గుమాస్తా కూర్చుని కాగితాలు తీసుకుంటుంటే కోర్టు తెరిచినట్లే. మన పండుగలకు ఇంకొక చిక్కు వున్నది. నెలవంకను బట్టి సెలవు ఒక రోజు ముందుకో వెనక్కో జరుగుతుంది. పాత క్యాలెండరులో అచ్చయిన ఈద్ తేదీని నమ్మి వున్నవాడు, ఆ రోజున కోర్టు మామూలుగా నడుస్తుంటే ఏం చెప్పుకుంటాడు? గోడ మీది క్యాలెండరు అచ్చయ్యేది నెలవంక కనబడక ముందే.

ఇంకొక సంగతి. మూసివున్నది మన దావా వేయవలసిన సరైన కోర్టే అయి వుండాలి. తెరిచిన రోజున వేసేది కూడా అదే కోర్టులో వేయాలి.

వేసవి సెలవుల దగ్గర మరీ జాగ్రత్త కావాలి. మన సివిల్ కోర్టులు మే నెలలో మూస్తారు. 2022 మే 10 నాటి నోటుకు 2025 మే 10న గడువు తీరుతుంది. అప్పుడు కోర్టు వేసవి సెలవుల్లో వుంటే, తిరిగి తెరిచిన మొదటి రోజున దావా వేయవచ్చును. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియనిది దీని తర్వాతది. మే 20న బాకీదారు ఇంటికి వచ్చి 500 రూపాయలు చేతిలో పెట్టి, నోటు వెనక జమ రాసి సంతకం చేసినాడనుకోండి. మనవాడు సంతోషపడి, ఇంక మూడేళ్లు నిశ్చింత అనుకుంటాడు. కోర్టు తెరిచిన నాడు పోడు. అక్కడే మునిగినాడు. జమ గాని, బాకీ ఒప్పుకోలు గాని కొత్త గడువు ఇవ్వాలంటే అవి అసలు గడువు తీరక ముందే జరగాలి. అసలు గడువు మే 10నే తీరిపోయింది. సెలవులు దాన్ని పొడిగించలేదు. తలుపు మూసివున్నందువల్ల, తెరిచినాక లోపలికి రానిచ్చింది, అంతే. 1935లోనే ప్రివీ కౌన్సిల్ మక్బూల్ అహ్మద్ కేసులో ఈ తేడా చెప్పింది. గడువు పొడిగించడం వేరు, తెరిచిన రోజున రానివ్వడం వేరు. (గడువు తీరిన బాకీని కూడా "నేను చెల్లిస్తాను" అని స్పష్టంగా రాసి సంతకం చేస్తే కాంట్రాక్టు చట్టం కింద అది వేరే ఒప్పందం అవుతుంది. 500 జమ మీది సంతకం మాత్రం ఆ వాగ్దానం కాదు.)

ఈ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది. ఎంత పెద్దదో 2012లో తేలింది. అస్సాంలో పట్టణ నీటి సరఫరా బోర్డుకు, ఒక కాంట్రాక్టు కంపెనీకి మధ్య తగవు. మధ్యవర్తి అవార్డు ఇచ్చినాడు. అవార్డు రద్దు చేయించుకోవడానికి ఆర్బిట్రేషన్ చట్టం 34వ సెక్షను కింద గడువు మూడు నెలలు. సరైన కారణం చూపితే ఇంకొక 30 రోజులు, ఆపైన ఒక్క రోజు కూడా లేదు. బోర్డుకు అవార్డు 2003 ఆగస్టు 26న అందింది. మూడు నెలలు నవంబరు 26న తీరినవి. పై 30 రోజులు డిసెంబరు 26న తీరినవి. డిసెంబరు 25 నుంచి జనవరి 1 దాకా కోర్టుకు క్రిస్మస్ సెలవులు. జనవరి 2న, తెరిచిన మొదటి రోజే, బోర్డు దరఖాస్తు వేసింది. మనమైతే ఇది సకాలమే అంటాము. సుప్రీంకోర్టు కాదన్నది. 4వ సెక్షను "నిర్ణయించిన గడువు" గురించి మాట్లాడుతున్నది. నిర్ణయించిన గడువు మూడు నెలలు. పై 30 రోజులు కోర్టు దయతో ఇచ్చేవి, వాటి చివర సెలవు పడితే ఆ సెలవు పనికిరాదు. 2025 జనవరిలో మరొక కేసులో కూడా సుప్రీంకోర్టు ఇదే దారి పట్టింది, ఫలితం కఠినంగా వుందని గుర్తిస్తూనే.

ఇది పెద్ద కంపెనీల గొడవ, మనకెందుకు అనకండి. మనలో ఎందరో ఆటోలు, గూడ్స్ బండ్లు ఫైనాన్సు మీద కొన్నారు. ఆ ఒప్పందాల్లో చిన్న అక్షరాల్లో మధ్యవర్తి షరతు వుంటుంది. కిస్తీలు తప్పితే ఎక్కడో దూరపు ఊళ్లో మధ్యవర్తి కూర్చుంటాడు, అవార్డు తపాలాలో ఇంటికి వస్తుంది. ఇంగ్లీషులో వున్నదని దాన్ని షెల్ఫు మీద పారేస్తారు. కవరు మీద అందిన తేదీ వెంటనే రాసిపెట్టండి. మీ మూడు నెలలు ఆ రోజుతో మొదలైనవి.

ఇలాంటి అదనపు కాలం గొడవ కరోనా కాలంలో కూడా వచ్చింది. లాక్‌డౌన్ వల్ల సుప్రీంకోర్టు మొదట గడువులను పొడిగించింది. చివరకు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా వున్న కాలాన్ని గడువు లెక్కల్లోంచి తీసివేయమన్నది. 2020 సెప్టెంబరులో సగుఫా అహ్మద్ కేసులో మాత్రం, మన్నింపు కాలానికి ఆ మొదటి ఉత్తర్వు వర్తించదని చెప్పింది. ఆ రోజుల నాటి నోట్లు ఎవరి దగ్గరైనా వుంటే, మేము చెప్పిన మామూలు లెక్కతో తేల్చుకోవద్దు. ఆ కాలాన్ని కలిపి వకీలు చేత లెక్క వేయించండి.

చెక్కుల సంగతి క్లుప్తంగా చెబుతాము. చెక్కు తిరిగి వచ్చిందని బ్యాంకు తెలిపిన నాటి నుంచి 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందినాక ఎదుటివానికి 15 రోజులు. అప్పటికీ చెల్లించకపోతే ఒక నెలలో మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఈ ఆఖరిదానికి ఆలస్యం మన్నించే వీలు 2002 సవరణతో వచ్చింది. నోటీసు ఇవ్వడం కోర్టులో చేసే పని కాదు గనుక కోర్టు సెలవుల ఆశ దానికి పెట్టుకోవద్దు. సివిల్ కోర్టుల వేసవి సెలవు క్రిమినల్ కోర్టులకు కూడా వుంటుందని అనుకోవద్దు.

వ్యాపారులు ఒక్కటి వినాలి. ఫలానా తేదీన చెల్లించాలని గడువు పెట్టి రాసిన హుండీ, నోటు వంటి వాటికి చెల్లింపు రోజు సెలవు నాడు పడితే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 25వ సెక్షను ప్రకారం అది ముందు పనిదినానికి జరుగుతుంది, తర్వాతి దానికి కాదు. కోర్టులో సెలవు మనల్ని ముందుకు జరుపుతుంది, ఇక్కడ వెనక్కి లాగుతుంది. ఒకే దేశం, ఒకే ఆదివారం! మా ఎనిమిదో తరగతి పిల్లలకు చెబితే "ఐసా కైసా సర్?" అన్నారు. ఏం చెబుతాము? చట్టం వ్రాసినవారు ఒకచోట ఫిర్యాదిని చూసినారు, ఇంకొకచోట డబ్బు రావలసిన వానిని చూసినారు.

అప్పీళ్ల గురించి ఒక మాట. సివిల్ డిక్రీ మీద హైకోర్టుకు 90 రోజులు, దాని కింది అప్పీలు కోర్టుకు 30 రోజులు. తీర్పు నకలు తెచ్చుకోవడానికి పట్టిన కాలాన్ని ఇందులోంచి తీసివేస్తారు. అయితే నకలు కోసం దరఖాస్తు పెట్టకుండా మనం ఇంట్లో కూర్చున్న రోజులు తీసివేయరు. తీర్పు చెప్పిన రోజే, కన్నీళ్లు తుడుచుకునే లోపే, నకలుకు దరఖాస్తు పెట్టించాలి. దరఖాస్తు పెట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ నకలు మీదనే ముద్ర వేసి వుంటవి. అవి సరిగా పడినవో లేదో అక్కడే నిలబడి చూసుకోవాలి.

మీ ఇళ్లకు పోయినాక నోట్లు, దస్తావేజులు, తపాలాలో వచ్చిన కోర్టు కాగితాలు బయటికి తీయండి. ఒక్కొక్కదాని మీద అసలు తేదీ చూసి, ఆఖరి తేదీని వేరే చీటీ మీద రాసి గుండుసూదితో గుచ్చండి. నోటు మీద మాత్రం ఏమీ రాయకండి. ఆ చీటీ మీద ఆఖరి తేదీకి నెల ముందు తేదీ కూడా వేయండి. వచ్చే రెండు ఆదివారాలు జొహర్ తర్వాత ఒక వకీలు సాబ్ మన సంఘం ఆఫీసులో కూర్చుని కాగితాలు చూస్తామని ఒప్పుకున్నారు. ఫీజు లేదు. 2023లో రాసిన నోట్లు వున్నవారు ముందు వరుసలో రండి.